గోరింటాకుతో షట్కోణం: దీక్ష రోజులకు చెరిగిపోయే పచ్చబొట్టు

ప్రశ్న: వచ్చే నెలలో 41 రోజుల సుబ్రహ్మణ్య షడక్షరీ జపదీక్ష మొదలుపెడుతున్నాను. ఆ రోజులన్నీ కుడి ముంజేతి మీద షట్కోణ యంత్రం, దాని ఆరు మూలల్లో ‘శరవణభవ’ అక్షరాలు ఉండాలని నా కోరిక. పచ్చబొట్టు పొడిపించుకోవడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. బజారులో దొరికే నల్ల గోరింటాకు కోనుతో వేసుకోవచ్చా? ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నల్ల కోను ఆలోచన మాత్రం మానుకోండి. గోరింటాకులో రంగునిచ్చే పదార్థం లాసోన్. అది చర్మం మీద నారింజ రంగుతో మొదలై, ఒకటి రెండు రోజుల్లో ఇటుక ఎరుపుకో ముదురు గోధుమకో తిరుగుతుందే గాని, గంటలో కాటుకలా నల్లబడదు. అలా నల్లబరిచే కోనుల్లో తరచూ ఉండేది జుట్టు రంగుల్లో వాడే పారా ఫినిలీన్ డయమీన్ అనే రసాయనం. అది పడనివారికి గీసిన గీత గీసినట్టే బొబ్బలెక్కుతుంది. ఒకసారి ఒంటికి పడకపోయిందంటే ఆ తర్వాత జుట్టుకు రంగు వేసుకున్నా ముప్పే.

ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. రోట్లో నూరిన పచ్చి ఆకు అరచేతిలో చందమామకు సరిపోతుంది గాని సన్నటి గీతకు లొంగదు. అందుచేత ఏమీ కలపని ఎండు గోరింటాకు పొడిని పలుచని గుడ్డలో జల్లించి, నిమ్మరసంతో గట్టి పెరుగులా కలిపి, చెంచాడు పంచదార, రెండు మూడు చుక్కల నీలగిరి తైలం చేర్చి, మూతపెట్టి రాత్రంతా నాననివ్వండి. పంచదార వల్ల ముద్ద ఎండి రాలిపోకుండా చర్మాన్ని అంటిపెట్టుకుంటుంది. మోచేతి మడతలో చిన్న చుక్క పెట్టి, రెండు రోజులు దురద గాని దద్దురు గాని లేదని చూసుకున్నాకే యంత్రం గీయండి.

మీరు కుడిచేతి వాటం వారైతే కుడి ముంజేతి మీద ఎడమ చేత్తో గీయాల్సి వస్తుందన్న సంగతి గమనించారో లేదో! అందుకని ముందుగా బటర్ పేపరు మీద యంత్రాన్ని గీసుకుని, కనుబొమల పెన్సిలుతో దిద్ది, చర్మం మీద లేతగా అద్దుకోవడం మేలు. జిడ్డు ఎక్కువగా అంటితే రంగు పట్టదు. ఇలా అద్దుకోవడంలోనే నేను మొదటిసారి పొరబడ్డాను. షట్కోణం చక్కగానే దిగింది, అక్షరాలు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి, వాటి వరుస కూడా ఎదురు తిరిగింది. కాగితానికి ఒక వైపు సరిగ్గా రాసి, దాన్ని తిప్పి, వెనక నుంచి కనబడే గీతల మీద పెన్సిలుతో దిద్ది, ఆ వైపునే చర్మానికి ఆనించాలి.

ముద్దను కనీసం ఆరు గంటలు ఉంచి, నీళ్లతో కడగకుండా గోటితో రాల్చేయండి. మర్నాడు తెల్లవారుజామున స్నానం తప్పదు కాబట్టి, ముందు ఆ చోట కొబ్బరి నూనె రాసుకోండి. అరచేతిలో చర్మం మందం కనుక బాగా పండుతుంది. ముంజేతి మీద రంగు కాస్త లేతగానే ఉంటుంది. పైపొర రాలిపోయే కొద్దీ రంగూ పోతుంది గనుక రెండు వారాలకు మించి నిలవదు. దీన్ని లోపంగా చూడనక్కర్లేదనే నా అభిప్రాయం. శుద్ధ షష్ఠి, బహుళ షష్ఠి సుమారు పదిహేనేసి రోజుల ఎడంలో వస్తాయి. దీక్షను ఒక షష్ఠినాడు మొదలుపెట్టి, తరువాతి రెండు షష్ఠులకూ మళ్లీ గీసుకుంటే 41 రోజులూ దాదాపు నిండుతాయి.

ఒంటి మీద చెరిగిపోయే గుర్తుకు మంత్రదీక్షలో చోటుందా అనే అనుమానం మీకుంటే, మధ్వాచార్యుల సంప్రదాయం పాటించే మాధ్వులను చూడండి. వారు శంఖ చక్రాది ముద్రలను చిన్న లోహపు అచ్చులతో, గోపీచందనం అనే తడి మట్టిలో ముంచి, రోజూ స్నానానంతరం ఒంటి మీద వేసుకుంటారు. మరుసటి స్నానంతో అవి పోతాయి, మళ్లీ వేసుకుంటారు. గోరింటాకు మీ ఒంటికి పడకపోతే ఇదే దారి మీకూ ఉంది: షట్కోణాన్ని గంధంతో రోజూ జపానికి ముందు దిద్దుకోండి, ఆరు అక్షరాలనూ ఒక్కొక్కటిగా పలుకుతూ.