ముందు ఎండుటాకులు దాచిపెట్టుకో

చిన్నీ,

నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ నా మనసంతా వంటింటి చెత్తతో ఎరువు చేద్దామని నువ్వు పెట్టిన ఆ బకెట్ మీదే ఉంది. మూత తీస్తే కంపు, లోపల పురుగులు, పక్క ఫ్లాట్ వాళ్ళు ముక్కు మూసుకోవడం, మీ అత్తగారు పారేసెయ్యమనడం... ఎంత టెన్షన్ పడుతున్నావో నీ గొంతులోనే తెలిసింది. పారెయ్యకు తల్లీ. 15 ఏళ్ళుగా మిద్దె మీద ఇదే పనిలో ఉన్నదాన్ని, నా మాట విను. నీ బకెట్‌లో తక్కువైంది ఎండుటాకులు.

కూరగాయల తొక్కులు రోజూ ఇంట్లో ఉండేవే కాబట్టి అందరూ వాటితోనే మొదలుపెడతారు. తొక్కుల్లో నీరూ నత్రజనీ ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. చెత్తని ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకి ఒక పాలు నత్రజనికి 25, 30 పాళ్ళ కర్బనం కావాలి. ఆ లెక్కంతా నీకెందుకు, గిన్నెడు తొక్కులు వేసిన ప్రతిసారీ రెండు గిన్నెల ఆకులు వెయ్యి, చాలు. ఆకులు లేకపోతే తొక్కులు ముద్దగా అతుక్కుపోయి లోపల గాలి ఆడదు. గాలి ఆడితే చివుకుతుంది, ఆడకపోతే కుళ్ళుతుంది. నీకొచ్చిన కంపు ఆ కుళ్ళుదే.

ఇది ఫాల్గుణం, ఆకు రాలే కాలం. మీ వీధిలో కానుగ చెట్లున్నాయిగా, ఊడ్చే ఆవిడ పొద్దున్నే కుప్ప చేసి నిప్పు పెడుతుంది. ఆ పొగ చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆవిడతో ముందురోజే ఒక మాట చెప్పి, నాలుగు గోనె సంచులు నింపుకో. చేత్తో నలిపితే గలగలమని పొడి కావాలి, అలాంటివే తీసుకో. వానలు మొదలయ్యాక పొడి ఆకు కావాలన్నా దొరకదు, అందుకే నాలుగు నెలలకి సరిపడా ఇప్పుడే దాచుకోవాలి. మరీ దొరకకపోతే కొబ్బరి పొట్టు గానీ, అట్టపెట్టెలు చింపిన ముక్కలు గానీ పనికొస్తాయి. మెరిసే రంగు కాగితాలు మాత్రం వద్దు.

20 లీటర్ల పెయింట్ బకెట్ శుభ్రంగా కడిగి, అడుగునా చుట్టూ మేకు కాల్చి బెజ్జాలు పెట్టించు. అడుగున బెత్తెడు మందాన ఆకులు, వాటి మీద సన్నగా తరిగిన తొక్కులు, మళ్ళీ ఆకులు. మొదటిసారి గుప్పెడు పశువుల ఎరువూ, గ్లాసుడు పుల్ల మజ్జిగా చల్లు, త్వరగా అందుకుంటుంది. పైపొర ఎప్పుడూ ఆకులే ఉండాలి. ఒక్క తొక్క పైకి కనబడినా ఈగ వాలుతుంది. నూనె కూరలు, మాంసం, చేపలు, మిగిలిన అన్నం వెయ్యకు. నిమ్మతొక్కులు ఒకటీ అరా అయితే ఫరవాలేదు.

తడి చూడటం తెలిస్తే సగం పని వచ్చినట్టే. నాలుగు రోజులకోసారి కర్రతో అడుగు నుంచి పైకి తిరగేసి, గుప్పెడు తీసి గట్టిగా పిండు. వేళ్ళ సందుల్లో ఒకటి రెండు నీటి చుక్కలు కనబడితే సరిగ్గా ఉన్నట్టు. ధారగా కారితే ఆకులు కలుపు, పొడిగా రాలిపోతే నీళ్ళు చిలకరించు. బకెట్ కింద పళ్ళెంలోకి దిగే నల్లనీళ్ళకి పది రెట్లు నీళ్ళు కలిపి పూలకుండీలకి పొయ్యి.

నువ్వు చెప్పిన ఆ లావుపాటి బూడిదరంగు పురుగులంటావా, అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. కుట్టవు, మొక్కల వేళ్ళ జోలికి రావు, చెత్తనే తింటాయి. తడి తగ్గితే అవే తగ్గుతాయి.

ఇక ఓపిక సంగతి. బకెట్ నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టు. నిండింది మాగడానికి ఎండాకాలమైతే రెండు నెలలు, చలికాలమైతే మూడు పడుతుంది. మొదటి ఏడు నేను ఆత్రం కొద్దీ సగం చివికిన ఎరువునే వంగమొక్కలకి వేశాను. పది రోజులకి ఆకులన్నీ పసుపురంగుకి తిరిగాయి. పచ్చి ఎరువు ఇంకా చివికే పనిలోనే ఉంటుంది, అందుకు కావలసిన నత్రజనిని మట్టిలోంచి లాగేసుకుంటుంది, మొక్కకి మిగలదు. ఆ ఏడు ఒక్క వంకాయ కూడా చేతికి రాలేదు, చాలా బాధపడ్డాను. మా చిన్నప్పుడు పెరట్లో పెంటకుప్ప ఏడాదంతా మాగేది. వేసవిలో బండ్లకెత్తి చేలకి తోలేవాళ్ళు. ఎవరూ తొందరపడేవారు కాదు.

మాగిందో లేదో ముక్కే చెబుతుంది. తొలకరికి తడిసిన మట్టి వాసన రావాలి, ముదురు గోధుమరంగులో పొడిపొడిగా ఉండాలి, ఏ తొక్క ఏదో గుర్తు తెలియకూడదు. అప్పుడు జల్లెడ పట్టి, పైన మిగిలిన ముక్కల్ని కొత్త బకెట్‌లోకే వెయ్యి. కుండీలు నింపేటప్పుడు రెండు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు ఈ ఎరువు కలుపు. ఉన్న మొక్కలకైతే నెలకి రెండు గుప్పిళ్ళు మొదలు చుట్టూ చల్లి, పైన మట్టి కప్పు. అందులోంచి టమాటా, గుమ్మడి మొలకలు వాటంతటవే లేస్తే పీకెయ్యకు, ఒకటి రెండు ఉంచి చూడు.

ఇప్పుడున్న బకెట్‌ని ఈరోజే పాత పేపర్ల మీద బోర్లించి, రెండింతలు ఆకులు కలిపి తిరిగి నింపు. రెండు మూడు రోజుల్లో కంపు తగ్గుతుంది. ఖాళీ బియ్యం సంచులు నాలుగు మడిచి ఉంచాను, ఆదివారం మీ పెదనాన్న అటు వస్తున్నారు, ఆయన చేత పంపిస్తాను.

నీ పెద్దమ్మ