≤ ఉంటే ఎప్పుడూ గీత కిందే షేడ్ చేయాలా?

x − y ≤ 2, x + 2y ≤ 8, x ≥ 0, y ≥ 0 అసమీకరణాల ఉమ్మడి ప్రాంతాన్ని గ్రాఫ్‌లో గీసే లెక్కలో మీరు x − y ≤ 2 కి తప్పు వైపు షేడ్ చేశారు. అందుకే జవాబులో చతుర్భుజం ఉంటే మీకు (2, 0), (8, 0), (4, 2) శీర్షాలతో త్రిభుజం వచ్చింది. మిగతావి, అంటే x + 2y ≤ 8, x ≥ 0, y ≥ 0, సరిగ్గానే ఉన్నాయి.

"≤ అంటే గీత కింద" అన్న లెక్క ఇక్కడ పనిచేయదు, y ముందు మైనస్ ఉంది కదా. y ని విడిగా తేవడానికి −1 తో గుణిస్తే గుర్తు తిరగబడి y ≥ x − 2 అవుతుంది. అంటే గీత పైభాగం.

1. (2, 0), (0, −2) కలుపుతూ x − y = 2 గీత గీయండి. ≤ కాబట్టి నిండు గీత. < అయితే చుక్కల గీత.

2. షేడ్ చేసే ముందు ఒక బిందువు పెట్టి చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. (0, 0) పెడితే 0 ≤ 2, నిజం. కాబట్టి మూలబిందువు ఉన్న వైపే షేడ్ చేయాలి. మీ త్రిభుజంలోని (5, 1) కూడా పెట్టి చూడండి: 5 − 1 = 4. అది 2 కంటే ఎక్కువ, కుదరదు.

3. y ≤ 2x లాంటి వాటి గీత మూలబిందువు గుండానే పోతుంది, కాబట్టి (0, 0) ఏ వైపో చెప్పదు. అప్పుడు (1, 0) తీసుకోండి.

4. ప్రతి గీతకీ సరైన వైపు పెన్సిల్‌తో చిన్న బాణం వేసుకుని, చివర్లో ఒక్కసారే ఉమ్మడి ప్రాంతం షేడ్ చేయండి. ముందే అన్నీ షేడ్ చేస్తే ఏది ఏదో తెలియక టెన్షన్.

శీర్షాలు: (0, 0), (2, 0), (4, 2), (0, 4).