పాటల పెట్టె – పాఠకుల ప్రశ్నలు: టైర్ల ఊరి బ్యాండ్

ప్రశ్న: మేం నలుగురం హనుమకొండలో ఓ బ్యాండ్ పెట్టుకున్నాం. అమెరికా బ్యాండ్ డీవో అంటే మాకు పిచ్చి. ఎవరిని అడిగినా "ఇక్కడుండి ఏం చేస్తారు, హైదరాబాద్ పోండి" అంటున్నారు, టెన్షన్‌గా ఉంది. అసలు డీవో ఏ న్యూయార్క్‌లోనో పుట్టిందా? వాళ్ల కథ కాస్త చెప్తారా?
– ఓ ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: న్యూయార్క్ కాదు తమ్ముడూ, టైర్ల ఊరు. ఒహాయో రాష్ట్రంలో యాక్రన్ అని ఉంది. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్రిచ్, వీటన్నిటికీ పుట్టిల్లు అదే, ఒకప్పుడు ప్రపంచ రబ్బరు రాజధాని అనేవాళ్లు. 1970ల్లో అక్కడ ఫ్యాక్టరీలు తగ్గిపోతూ వచ్చాయి, జనానికి పనులు పోయాయి. మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లును చూసినవాళ్లకు, అది మూతపడ్డాక ఊరు ఎట్లా అయిందో చూసినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

అయితే బ్యాండ్‌కు బీజం పడింది ఫ్యాక్టరీలో కాదు, పక్కనే ఉన్న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో. వియత్నాం యుద్ధాన్ని కంబోడియా దాకా తీసుకుపోయారని విద్యార్థులు నిరసనకు దిగితే, 1970 మే 4న నేషనల్ గార్డ్ సైనికులు 13 సెకన్ల పాటు కాల్పులు జరిపారు. నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. తర్వాత డీవోను పెట్టినవాళ్లలో ఒకడైన జెరాల్డ్ కసాలే అప్పుడు అక్కడే ఉన్నాడు, చనిపోయినవాళ్లలో ఇద్దరు అతనికి తెలిసినవాళ్లు. అంతకుముందు అతనూ, స్నేహితుడు బాబ్ లూయిస్ కలిసి మనిషి ముందుకు పోవట్లేదు, వెనక్కి పోతున్నాడు, ఇది ఎవల్యూషన్ కాదు డీ-ఎవల్యూషన్ అని సరదాగా మాట్లాడుకునేవాళ్లు. ఆ కాల్పుల తర్వాత అది సరదా మాటగా మిగల్లేదు. డీవో అనే పేరు దాంట్లోంచే వచ్చింది. పసుపు సూట్లు, నెత్తిన బోర్లించిన పూలకుండీల్లాంటి ఎర్ర టోపీలు చూసి వీళ్లేదో కామెడీ బ్యాచ్ అనుకుంటారు చాలామంది, నాకు మాత్రం వాళ్ల పాట ఎప్పుడు విన్నా ఆ మే నెల గుర్తొస్తుంది.

1973లో అదే యూనివర్సిటీ ఉత్సవంలో మొదటిసారి వాయించారు. మనుషులు మారుతూ చివరికి రెండు ఇళ్ల అన్నదమ్ములు నిలిచారు, ఇటు మార్క్, బాబ్ మదర్స్‌బా, అటు జెరాల్డ్, బాబ్ కసాలే, వీళ్లకు తోడు డ్రమ్స్ మీద అలన్ మైయర్స్. ఇద్దరు బాబ్‌లు ఉన్నారని బాబ్ 1, బాబ్ 2 అనుకున్నారు. అంతకుముందు డ్రమ్స్ వాయించిన ఇంకో మదర్స్‌బా తమ్ముడు జిమ్ ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌ను సొంతంగా తయారుచేసుకున్నాడు. మీరు ఇంజనీరింగ్ వాళ్లు కదా, ఈ ముక్క మీకోసమే చెప్తున్నా!

మొదట్లో జనం మెచ్చుకోలేదు, ఊళ్లో క్లబ్బులకు కావాల్సింది రేడియోలో వచ్చే హిట్లే, కాబట్టి వీళ్లు సొంత పాటల్నే వేరే పెద్ద బ్యాండ్ పాటలని చెప్పి వాయించేవాళ్లు, సంగతి తెలిసిపోయాక గొడవలు కూడా అయ్యేవి. అట్లా ఐదేళ్లు గడిచాయి. 1978లో బ్రయన్ ఈనో నిర్మాతగా జర్మనీలో రికార్డు చేసిన మొదటి ఆల్బమ్ వచ్చింది, 1980లో 'విప్ ఇట్' అమెరికా చార్టుల్లో 14వ స్థానం దాకా ఎక్కింది. ఆ తర్వాతి కథ మీరు ఎక్కడైనా చదవొచ్చు.

1978లోనే లండన్‌లోని స్టిఫ్ రికార్డ్స్ అనే కంపెనీ వాళ్లు కొన్ని యాక్రన్ బ్యాండ్లను కలిపి ఒక రికార్డు వేశారు, దాని అట్టను గీకితే రబ్బరు వాసన వచ్చేది. వాసన సంగతి ఎందుకు చెప్తున్నానంటే, లండన్ వాళ్లకు కావాల్సింది ఇంకో లండన్ కాదు, యాక్రనే. మీరు రికార్డింగ్ కోసం హైదరాబాద్ పోండి, షోల కోసం పోండి, కానీ మీ పాట హనుమకొండలో తయారవ్వాలని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: పంక్‌కూ, న్యూ వేవ్‌కూ తేడా ఏంటి?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: రెండూ రాక్ సంగీతం అనే ఒకే ఇంట్లోంచి వచ్చినవే. పంక్ గిటార్ మీద మూడే మూడు కార్డ్స్‌తో (కలిపి మోగించే స్వరాలతో), కోపంగా, వేగంగా పోతుంది. న్యూ వేవ్ అదే వేగానికి సింథసైజర్‌ను, డ్యాన్స్ తాళాన్ని, వింత వేషాన్ని కలుపుకుంది. గీత ఎక్కడుందని అడిగితే ఇద్దరు అభిమానులు రెండు చోట్ల గీస్తారు.

ప్రశ్న: మా బ్యాండ్‌లో డ్రమ్ కిట్ పక్కన డప్పు పెడదామని ఉంది. రాక్‌కు నప్పుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఓ పాఠకుడు, కాజీపేట

జవాబు: నప్పుతుంది, కానీ డప్పును అలంకారం కోసం పెట్టకండి. పైన చెప్పిన డీవో పాటల్లో 'జాకో హోమో' అని ఒకటుంది, దాని మొదటి భాగం ఏడు లెక్కలో నడిచి తర్వాత మామూలు నాలుగుకు మారుతుంది. ఏడంటే మన మిశ్రచాపు తాళమే. ఆ ఏడును ముందు డప్పు మీద కొట్టించండి, డప్పు కొట్టే చిర్ర, సిటికెన పుల్ల, ఆ రెండు కర్రల దెబ్బలూ స్పష్టంగా వినపడాలి. అది కుదిరాక డ్రమ్స్ దాని వెనక రావాలి, ముందు కాదు. ఇంకో మాట, డప్పును మంట దగ్గర కాచకపోతే చర్మం బిగుసుకోదు, హాల్లో మంట పెట్టనివ్వరు కాబట్టి బయటే కాచి తెచ్చుకోండి, రెండోది కూడా కాచి పక్కన పెట్టుకోండి, నాలుగో పాటకు మొదటిది వదులవుతుంది.