పుల్లటి వాసన వచ్చే మైక్రోఫిల్మ్ రీళ్ళను బాగుచేయవచ్చా?

అనంతపురంలో మీ కళాశాల గ్రంథాలయంలోని పాత దినపత్రికల మైక్రోఫిల్మ్ (పేజీలను బాగా చిన్నవిగా ఫోటో తీసిన ఫిల్ము చుట్టలు) డబ్బాలు తెరిస్తే పుల్లటి వాసన వస్తోందని, తెగిన చోట సెల్లోటేపు వేయవచ్చా అని అడిగారు. కడపలో ఇలాంటి రీళ్ళ బీరువా చాలాకాలం నా అజమాయిషీలో ఉండేది. ముందుగా చేదు మాట చెబుతాను: వాసన పట్టిన రీలును ఎవరూ బాగుచేయలేరు. నకలు మాత్రం తీసుకోగలం. కాబట్టి టేపు సంగతి తర్వాత.

ఆ వాసన అసిటిక్ ఆమ్లానిది. పాత ఫిల్ములు చాలావరకు సెల్యులోజ్ అసిటేట్‌తో చేసినవి. వేడికీ తేమకూ అది విరిగి ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లమే మిగిలిన ఫిల్మును మరింత వేగంగా తినేస్తుంది. ఫిల్ము కుంచించుకుపోతుంది, అంచులు వంకర్లు తిరుగుతాయి, చివరికి అక్షరాలున్న పొర ఊడివస్తుంది. పక్కనున్న అసిటేట్ రీళ్ళకూ ఆ ఆవిరి హాని చేస్తుంది. పాలిస్టర్ ఫిల్ముకు ఈ జబ్బు లేదు. ఏది ఏదో తెలియాలంటే రీలును పక్కవాటుగా దీపానికి ఎదురుగా పట్టుకోండి. చుట్టలోంచి వెలుగు తెలిస్తే పాలిస్టర్, నల్లగా కనిపిస్తే అసిటేట్.

ముక్కును మాత్రం పూర్తిగా నమ్మకండి, రోజూ ఆ గదిలో ఉండేవారికి వాసన తెలియడం మానేస్తుంది. ఎ-డి స్ట్రిప్ అనే నీలి కాగితపు ముక్కను డబ్బాలో పెట్టి మూసి, కనీసం ఒక రోజు ఆగి చూడండి. ఆమ్లం పెరిగేకొద్దీ అది ఆకుపచ్చకు, ఆపై పసుపుకు తిరుగుతుంది. పసుపుకు దగ్గరపడ్డవి ముందు స్కానింగ్‌కు వెళ్ళాలి. అందాకా వాటిని వేరే గదిలో, గాలి ఆడేలా ఉంచండి. మామూలు వేడిలో ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం కంటే చెడ్డ పని లేదు, ఆమ్లం లోపలే చిక్కుకుంటుంది.

మన ఊళ్ళలో ఏసీ గురించి ఒక మాట. మే నెలలో బయట నలభై డిగ్రీలు దాటుతుంటే పగలు ఏసీ వేసి, సాయంత్రం తాళం వేస్తూ ఆపేసే అలవాటు మా దగ్గరా ఉండేది. రోజూ ఇలా వేడెక్కి చల్లబడడం ఫిల్ముకు మంచిది కాదు. రాత్రంతా నడిపే స్తోమత లేకపోతే, ఎండ తగలని లోపలి గదిలో బీరువా పెట్టి, వేడి, తేమ నిలకడగా ఉండేలా చూసుకోవడమే మేలు. గాలిలో తేమ 30 నుంచి 40 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. అక్టోబరు, నవంబరు వానల్లో తేమ కొలిచే మీటరుపై కన్నేసి ఉంచండి. బీరువాలో కలరా ఉండలు వేయకండి. రీళ్ళకు రబ్బరు బ్యాండ్లు ఉంటే ఇవాళే తీసేయండి, వాటిలోని గంధకం ఫిల్ము మీద వెండితో ఏర్పడిన పేజీల బొమ్మను చెరుపుతుంది. గదికి రంగులు వేయించేటప్పుడు రీళ్ళన్నిటినీ బయటికి మార్చండి. రంగుల ఆవిరికి, నాసిరకం అట్టపెట్టెల నుంచి వచ్చే వాయువులకు ఫిల్ము మీద ఎర్రటి చుక్కలు పుడతాయి. మాకూ పుట్టాయి. అధికారులకు మాత్రం గోడలు తెల్లబడ్డాయన్న సంతోషమే మిగిలింది.

ఇక తెగిన ఫిల్ము. సెల్లోటేపు వద్దే వద్దు. జిగురు కారి, చుట్టలోని పై వరుసకు అంటుకుంటుంది. ఫిల్ములు అతికించడానికే చేసిన టేపు దొరుకుతుంది, పాఠకులకు ఇచ్చే ప్రతికి అది చాలు. ద్రవపు జిగురు అసిటేట్‌కే పనిచేస్తుంది, పాలిస్టర్‌కు అల్ట్రాసోనిక్ యంత్రంతో అతుకు వేయిస్తారు. మూల నెగటివ్ (మిగతా ప్రతులు తీయడానికి వాడే అసలు ఫిల్ము) ఉంటే పాఠకుల చేతికి ఇవ్వకండి. గీతలు ఎక్కువగా పడేది ఫిల్మును పెద్దదిగా చూపే రీడర్ యంత్రంలోని గాజు పలకల మధ్య చేరిన దుమ్ము వల్ల. రోజూ పొద్దున ఆ గాజులు తుడిస్తే సగం మరమ్మతులు తప్పుతాయి.

స్కానింగ్ గుత్తేదారు విషయంలో గట్టిగా ఉండండి. మాకు వచ్చినవాడు పేజీల మడత దగ్గరి వరుసలు వదిలేసి, ఫైళ్ళను బాగా కుదించి ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. అసలు పత్రిక కొలతకు లెక్కగట్టి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), బూడిద ఛాయలు, కుదించని టిఫ్ ఫైళ్ళు అని ఒప్పందంలో రాయించండి. బ్రౌన్ దొర మన కడపలోనే సొంత ఖర్చుతో పండితులను పెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు కదా. మనమూ అంత పట్టుదలగా ప్రతి పేజీనీ ఫిల్ముతో పోల్చి చూడాలి. ఆ సరిచూత పూర్తయ్యేవరకు గుత్తేదారుకు చివరి వాయిదా చెల్లించకండి, వాసన వేస్తున్నదైనా సరే ఏ రీలునూ పారేయకండి.