కుష్ఠు మందు అన్ని దేశాలకూ చేరింది, మరి వివక్ష ఎందుకు పోలేదు?

మీరు రెండు విషయాలు అడిగారు. 2000 నాటికే కుష్ఠును నిర్మూలించామని ప్రకటించారు కదా, ఇంకా కేసులెందుకు వస్తున్నాయి అన్నది ఒకటి. ఇన్ని దేశాలు కలిసి పనిచేసినా రోగుల పట్ల వివక్ష ఎందుకు పోలేదన్నది రెండోది. మా అమ్మకు ఈ వ్యాధి వచ్చి నయమైంది. చికిత్స జరిగినంత కాలం ఆమె పక్కనే ఉన్నాను. చదివి తెలుసుకున్నదీ, కళ్లారా చూసిందీ కలిపి చెబుతాను.

1991లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక తీర్మానం చేసింది. పదివేల మంది జనాభాలో చికిత్స పొందుతున్న కుష్ఠు రోగులు ఒకరి కంటే తక్కువ ఉంటే, అది 'ప్రజారోగ్య సమస్యగా' తొలగిపోయినట్టే లెక్క. ప్రపంచ సగటు 2000లో ఆ స్థాయికి వచ్చింది, భారతదేశం 2005 డిసెంబరులో వచ్చింది. అయితే ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. అది చికిత్సలో ఉన్నవారి సంఖ్య మాత్రమే. ఒకప్పుడు ఏళ్ల తరబడి సాగిన చికిత్స ఆరు నెలలకో, ఏడాదికో తగ్గేసరికి రిజిస్టరులో పేర్లు ఎలాగూ తగ్గుతాయి. క్రిమి మాత్రం ఎక్కడికీ పోలేదు. 2023లో కూడా ప్రపంచంలో 1.8 లక్షలకు పైగా కొత్త కేసులు బయటపడ్డాయి. అందులో సగానికి పైగా భారతదేశంలోనే, ఆ తర్వాత బ్రెజిల్, ఇండోనేషియా. ఈ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఒంట్లోకి చేరాక లక్షణాలు కనిపించడానికి సగటున ఐదేళ్లు, కొందరిలో ఇరవై ఏళ్లు కూడా పడుతుంది.

'నిర్మూలన' అనే ప్రకటన మేలుతో పాటు కీడు కూడా చేసిందని నా అభిప్రాయం. కుష్ఠు అయిపోయిందనుకోగానే నిధులు వేరే వ్యాధుల వైపు వెళ్లాయి, కొత్తగా చదువుకునే డాక్టర్లకు దాన్ని గుర్తుపట్టే అలవాటు తగ్గింది. అమ్మ చేతి మీది మచ్చను మొదట చూసిన డాక్టరు తామర అన్నారు. ఆయింట్‌మెంట్లతో నెలలు గడిచిపోయాయి. చివరికి ఇంకో డాక్టరు ఆమెను కళ్లు మూసుకోమని, పెన్ను మొనతో మచ్చను తాకి, ఎక్కడ తాకానో చూపించమన్నారు. ఆమె చూపించలేకపోయింది. ఆ పరీక్షకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అప్పటికే మోచేతి దగ్గరి నరం దెబ్బతిని, చిటికెన వేలూ ఉంగరం వేలూ వంగడం మొదలైంది.

దేశాలు కలిస్తే ఏం జరుగుతుందో తెలియాలంటే ఆమె వాడిన మందుల అట్ట ఒక్కటి చాలు. అందులో డాప్సోన్, క్లోఫాజిమిన్, రిఫాంపిసిన్ అనే మూడు మందులుంటాయి. ఈ క్రిమిని 1873లో కనిపెట్టింది నార్వేకు చెందిన హాన్సెన్. డాప్సోన్ జాతి మందు కుష్ఠు మీద పనిచేస్తుందని 1940లలో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో తేలింది. క్లోఫాజిమిన్ ఐర్లండ్‌లో పుట్టింది, రిఫాంపిసిన్ ఇటలీలోని ఒక ప్రయోగశాల పరిశోధన ఫలితం. డాప్సోన్ ఒక్కదాన్నే వాడుతూ పోతే క్రిమి దానికి లొంగడం మానేసింది. అందుకే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడింటినీ కలిపి వాడమంది. 1995 నుంచి జపాన్‌కు చెందిన నిప్పన్ ఫౌండేషన్ డబ్బుతో, 2000 నుంచి నోవార్టిస్ అనే మందుల కంపెనీ విరాళంతో ఆ మందులు అన్ని దేశాలకూ ఉచితంగా అందుతున్నాయి. అమ్మ ఏడాది పాటు వాడింది, రూపాయి ఖర్చు కాలేదు. చికిత్స మొదలైన కొద్ది రోజులకే రోగి నుంచి ఇతరులకు సోకే ప్రమాదం దాదాపు పోతుంది.

కానీ క్లోఫాజిమిన్‌తో చర్మం నల్లబడుతుంది, ముఖ్యంగా ముఖం. జబ్బు నయమవుతున్న రోజుల్లోనే అది అందరి కంటా పడుతుంది. "ఏంటి, అలా అయిపోయావు?" అని ఎవరైనా అడుగుతారేమో అన్న టెన్షన్‌తోనే అమ్మ బయటికి వెళ్లడం మానేసింది. మేమెవరం చెప్పకుండానే తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకుంది. ఇక ఎవరికీ సోకదని డాక్టరు చెప్పినా వినలేదు. పక్కవాళ్లు దూరం పెట్టకముందే తనను తానే దూరం పెట్టుకుంది. వివక్షలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

ఇప్పుడు రోగికి దగ్గరగా మసిలేవారికి ఒక్క డోసు రిఫాంపిసిన్ ముందుజాగ్రత్తగా ఇస్తున్నారు. బంగ్లాదేశ్‌లో జరిగిన పెద్ద పరిశోధనలో దీనివల్ల మొదటి రెండేళ్లలో వ్యాధి వచ్చే అవకాశం 57 శాతం తగ్గింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫార్సు చేసింది. వినడానికి ఎంతో బాగుంది. అయితే ఆ మాత్ర ఇవ్వడానికి ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్తే, ఎవరి వల్ల ఇస్తున్నారని వాళ్లు అడగరా? అందుకే ముందు రోగి అనుమతి తీసుకోవాలనే నియమం ఉంది. మా ఇంటికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త చాలా మర్యాదగా అడిగింది. అమ్మ ఇంట్లోవాళ్లకు ఒప్పుకుంది, పక్కింటివాళ్లకు వద్దంది. ఆమెను తప్పుపట్టలేను. అప్పట్లో చెల్లి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. అంత మంచి మందు మా గుమ్మం దాటకపోవడానికి కారణం భయమే. వివక్ష పోకుండా వ్యాధి పోదని నేను నమ్మడం అక్కడే మొదలైంది.

వివక్ష మీద దేశాలు అసలేమీ చేయలేదని కాదు. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2010లో కుష్ఠు బాధితులపైనా, వారి కుటుంబసభ్యులపైనా వివక్ష ఉండరాదని తీర్మానించి మార్గదర్శకాలు ఇచ్చింది. 2017 నుంచి ఈ విషయం చూడడానికి ప్రత్యేక ప్రతినిధి కూడా ఉన్నారు. జపాన్ రోగులను బలవంతంగా వేరుచేసిన చట్టాన్ని 1996లో రద్దు చేసింది. ఆ విధానం రాజ్యాంగ విరుద్ధమని 2001లో కుమమోటో కోర్టు తేల్చింది. బ్రెజిల్ అలా నిర్బంధించినవారికి పెన్షన్ ఇస్తూ 2007లో చట్టం చేసింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను భారతదేశం 2019లో తీసేసింది, అంత ఆలస్యంగా. ఇలాంటి చట్టాలు రకరకాల దేశాల్లో ఇంకా మిగిలే ఉన్నాయి.

నేను గమనించిన తేడా ఏమిటంటే, మందు ఖర్చు ఎవరు భరించాలో స్పష్టంగా తేల్చుకున్నారు, ఆ పని జరిగింది. వివక్ష విషయంలో తీర్మానాలున్నాయి గానీ, ఆ ఖర్చు మాది అన్నవారు తక్కువ. ఏడాది మందు పూర్తవగానే రోగి పేరు రిజిస్టరు నుంచి తీసేస్తారు. వంగిన వేళ్లు, స్పర్శ లేని పాదాలు, పోయిన ఉపాధి ఆ లెక్కలోకి రావు.

అమ్మలో మార్పు తెచ్చింది డాక్టరు కాదు, ఒకప్పుడు ఇదే వ్యాధి వచ్చి నయమైన ఒక పెద్దాయన. చేతులు, పాదాలు నీళ్లలో నానబెట్టి నూనె రాసుకోవడం, గాయాలున్నాయేమో రోజూ చూసుకోవడం ఆయన నేర్పాడు. వంగిన తన వేళ్లు దాచుకోకుండా చూపిస్తూ మాట్లాడాడు. మేం ఎన్నిసార్లు చెప్పినా కలవని కంచం, ఆయన రాకపోకలు మొదలయ్యాక మెల్లగా మా కంచాలతో కలిసింది. దేశాలు డబ్బు పెట్టాల్సింది ఇలాంటివారి మీద. వాళ్లకు జీతమిచ్చి ఆరోగ్య కార్యక్రమాల్లో పెట్టుకోవాలి, విధానాలు రాసే కమిటీల్లో కూర్చోబెట్టాలి. వ్యాధి అనుభవించినవారే నడిపే ఐడియా అనే అంతర్జాతీయ సంస్థ 1994 నుంచీ పనిచేస్తోంది, కాబట్టి మనుషులు దొరకరనే సాకు చెల్లదు.

మీకు గానీ, మీవాళ్లకు గానీ స్పర్శ తెలియని మచ్చ, అరచేతుల్లో తిమ్మిరి, వేళ్లలో బలహీనత ఉంటే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించి, స్పర్శ పరీక్ష చేయమని మీరే అడగండి. చికిత్స మధ్యలో నరం నొప్పి పుట్టినా, మచ్చలు ఎర్రగా ఉబ్బినా మాత్రలు ఆపకండి, ఆ రోజే వెళ్లి చూపించండి. స్టిరాయిడ్లు త్వరగా మొదలుపెడితే చాలామందిలో నరాన్ని కాపాడుకోవచ్చు.