ఆ మనిషి ఏం చేశాడో ముందు చూడు

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అమెరికన్ తీర్పు రొమేనియన్ అనువాదం మొదటి నుంచి చివరిదాకా చదివాను. రొమేనియన్ నీకు బాగా పట్టుబడింది. విభక్తుల్లో గానీ క్రియారూపాల్లో గానీ దిద్దాల్సింది పెద్దగా లేదు. కానీ ఇంగ్లీషు తీర్పులో 'ఇన్వోక్' (ఒక హక్కునో చట్టాన్నో ఆశ్రయించడం) కనిపించిన ప్రతిచోటా రొమేనియన్‌లో 'ఇన్వొకా' వేసేశావు. రెండూ లాటిన్ నుంచి వచ్చినవే, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి, చెయ్యి దానంతటదే అటు పోతుంది. హక్కుల గురించిన వాక్యాల్లో ఈ ఒక్క క్రియ దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రొమేనియన్ కోర్టుల్లో 'ఇన్వొకా' ప్రధానంగా వాదనకు సంబంధించిన మాట. ఒక చట్టాన్నో, ఒక వాస్తవాన్నో, ఒక అభ్యంతరాన్నో తన వాదనకు ఆధారంగా కోర్టు ముందు పెట్టడం. కేసు నడుస్తుండగా ఫలానా చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని ఒక పక్షం లేవదీస్తే, 'ఎక్స్‌చెప్త్సియె'ను ఇన్వొకా చేసిందంటారు. (దాన్ని చూసి మినహాయింపు అనుకునేవు. ఇక్కడ అది అభ్యంతరం.) అదే, పోలీసుల ముందు ఏమీ చెప్పనన్న నిందితుడి గురించైతే పత్రికలూ తీర్పులూ ఎక్కువగా వాడేది 'సె ప్రెవలా దె'. మౌనంగా ఉండే హక్కు, అంటే 'ద్రెప్తుల్ లా తచేరె'ను అతను వినియోగించుకున్నాడని. ఇక్కడ 'ఇన్వొకా' అన్నా అర్థమవుతుంది, అనేవాళ్ళూ ఉన్నారు. కానీ అలా రాస్తే ఆ మనిషి ఏదో వాదిస్తున్నట్టు చదువరికి తోస్తుంది. అతను వాదించలేదు, నోరు విప్పలేదు, అంతే.

ఈ 'సె ప్రెవలా' ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. 1864 నాటి రొమేనియన్ సివిల్ కోడ్‌కు నెపోలియన్ కాలపు ఫ్రెంచి కోడే మూలం కాబట్టి ఇక్కడి లా భాష నిండా ఆ వాసన ఉంటుంది. ఇందులో ఆ చిన్న 'సె' మీద కన్నేసి ఉంచు. అది జారిపోయి ఉత్త 'ప్రెవలా' మిగిలితే అర్థం 'పైచేయి సాధించాడు' అయిపోతుంది. హక్కును వాడుకున్న నిందితుడు నీ కాగితం మీద కేసు గెలిచిన నిందితుడవుతాడు. అక్షరదోషాలు చూసే సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే రెండూ సరైన రూపాలే.

ఇక నువ్వు చేస్తున్న అమెరికన్ తీర్పు. బెర్గుయిస్ వర్సెస్ థాంప్కిన్స్, 2010. మిషిగన్‌లో ఒక కాల్పుల కేసు నిందితుణ్ణి దాదాపు మూడు గంటలు ప్రశ్నించారు. ఎక్కువసేపు అతను మౌనంగానే ఉన్నాడు. చివర్లో, ఆ కుర్రాణ్ణి కాల్చినందుకు క్షమించమని దేవుణ్ణి ప్రార్థిస్తావా అని అడిగితే 'అవును' అన్నాడు. ఆ ఒక్క మాట సాక్ష్యమైంది. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయిన సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, ఊరికే మౌనంగా ఉండటం మౌనహక్కును 'ఇన్వోక్' చేసినట్టు కాదు, ఆ హక్కు కావాలని స్పష్టంగా నోటితో చెప్పాలి. అంటే అక్కడ 'ఇన్వోక్' ఒక చర్య. నోరు తెరిచి చేయాల్సిన పని. ఇప్పుడు నీ వాక్యం చూసుకో: 'అతను తన మౌనహక్కును ఇన్వొకా చేయలేదని కోర్టు భావించింది.' మూడు గంటలు నోరు మెదపని మనిషి మౌనహక్కును వాడుకోలేదా అని రొమేనియన్ జడ్జి తలగోక్కుంటాడు. అక్కడ విడమరిచి రాయి. ఆ హక్కును వినియోగించుకుంటున్నానని అతను స్పష్టంగా ప్రకటించలేదు, అని. 'ఎగ్జెర్చితా' (హక్కును వినియోగించుకోవడం) అనే క్రియ వేసి, ప్రకటించడాన్ని విడిగా చెప్తే సరిపోతుంది. వాక్యం పొడుగవుతుంది, ఫర్వాలేదు.

అదే తీర్పులో 'వేవ్' (హక్కును వదులుకోవడం) అనే మాటకు 'రెనున్‌త్సా' వేశావు. నిఘంటువు ప్రకారం తప్పేమీ లేదు. కానీ 2011 నుంచి అమల్లో ఉన్న కొత్త సివిల్ కోడ్ 13వ ఆర్టికల్ ఏమంటుందో గుర్తుంచుకో: హక్కును వదులుకున్నట్టు ఊహించడానికి వీల్లేదు. ఆ సూత్రం ఇక్కడి లాయర్ల నరనరానా ఉంటుంది. ఉత్త 'రెనున్‌త్సా' చూడగానే ఆ మనిషి తెలిసి, చెప్పి వదులుకున్నాడని అనుకుంటారు. థాంప్కిన్స్ అలా ఏమీ చెప్పలేదు, జవాబివ్వడంతోనే వదులుకున్నట్టు కోర్టు లెక్కేసింది. కాబట్టి పక్కన 'తాచిత' అన్న విశేషణం ఉండి తీరాలి. మాటల్లో కాకుండా నడవడిక ద్వారా వదులుకోవడం అని అది చెప్తుంది.

నీ అనువాదంలో నన్ను నిజంగా కలవరపెట్టింది ఫుట్‌నోట్‌లోని 1994 నాటి డేవిస్ కేసు. ఒక నావికుడు విచారణ మధ్యలో 'నేను లాయరుతో మాట్లాడాలేమో' అన్నాడు. ఆ 'ఏమో' వల్లే అతను ఓడిపోయాడు. అది స్పష్టంగా లాయరును అడిగినట్టు కాదు కాబట్టి విచారిస్తున్నవాళ్ళు ప్రశ్నలు ఆపక్కర్లేదని కోర్టు అంది. నువ్వు దాన్ని 'లాయరుతో మాట్లాడాలనుకుంటున్నాను' అని రొమేనియన్‌లోకి తెచ్చావు. వాక్యం నున్నగా ఉంది, కేసు మాత్రం మాయమైపోయింది. భయపడ్డ మనిషి తడబడుతూ మాట్లాడతాడు. ఆ తడబాటును యథాతథంగా దించాలి. మంచి శైలి అలవడ్డ అనువాదకులకే ఇది కష్టం, నీకు ఆ శైలి ఉంది కాబట్టి మరీ జాగ్రత్తగా ఉండు.

మన సుప్రీంకోర్టుకూ ఇలాంటి ప్రశ్నే వచ్చింది తెలుసా? గడువులోపు చార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కు పుడుతుంది. ఆ హక్కును 'అవైల్' చేసుకున్నట్టు ఎప్పుడు లెక్క? 2001లో ఉదయ్ మోహన్‌లాల్ ఆచార్య కేసులో కోర్టు చెప్పింది: దరఖాస్తు పెట్టి, పూచీకత్తు ఇవ్వడానికి సిద్ధమన్నప్పుడే వాడుకున్నట్టు. ఒక క్రియకు అర్థం ఏ క్షణాన మొదలవుతుందన్న దాని మీదే మనిషి జైల్లో ఉండాలా బయటికి రావాలా అన్నది తేలింది.

వచ్చే నెల నువ్వు చేయబోయే ఇంగ్లండ్ పోలీసు రికార్డుల గురించి కూడా ఇప్పుడే చెప్తాను. నిందితుడికి ముందుగా చదివి వినిపించే హెచ్చరిక అందులో ఉంటుంది. రొమేనియన్‌లో దానికి రెడీమేడ్ పాఠం ఉంది కదా అని అదే తెచ్చి అతికించాలనిపిస్తుంది. దయచేసి అతికించకు. 2014 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ఇక్కడి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 83వ ఆర్టికల్ ప్రకారం, వాంగ్మూలం ఇవ్వనంటే నిందితుడికి ఏ ప్రతికూల ఫలితమూ ఉండదు, ఇస్తే మాత్రం దాన్ని అతని మీద సాక్ష్యంగా వాడవచ్చు. ఇంగ్లండ్‌లో 1994 చట్టం తర్వాతి హెచ్చరిక దీనికి దాదాపు తిరగబడి ఉంటుంది: ఏమీ చెప్పక్కర్లేదు, కానీ తర్వాత కోర్టులో ఆధారం చేసుకోబోయే విషయాన్ని ఇప్పుడు అడిగినప్పుడు చెప్పకపోతే నీ డిఫెన్సు దెబ్బతినవచ్చు. రొమేనియన్ పాఠాన్ని దీని స్థానంలో పెడితే, అక్కడ మౌనానికి ఉన్న ఖరీదు మొత్తం చెరిపేసినట్టు. చిత్రమేమిటంటే, ఆ హెచ్చరికలో ఇంగ్లీషువాడు 'ఇన్వోక్' అనలేదు, 'రిలై ఆన్' అన్నాడు. కోర్టులో ఆధారంగా చూపడం అని దాని అర్థం. నీకిష్టమైన 'ఇన్వొకా' సరిగ్గా కుదిరేది అక్కడ. నిశ్చింతగా వేసుకో.

కాంట్రాక్టుల్లో వచ్చే 'వితౌట్ ప్రెజుడిస్' గురించి ఒక్క మాట. 'ప్రెజుదీచియు' అంటే ఇక్కడ నష్టం, డామేజీ. దాన్ని ముట్టుకోకు. యూరోపియన్ యూనియన్ చట్టాల రొమేనియన్ పాఠాల్లో స్థిరపడ్డ 'ఫర అ అదూచె అతీంజెరె' వాడు, హక్కులకు భంగం కలగకుండా అన్న అర్థం నేరుగా వస్తుంది. 2007లో రొమేనియా యూనియన్‌లో చేరకముందే ఆ చట్టాల రాశినంతా అనువదించారు. ఆ పాఠాలు యూనియన్ అధికారిక సైట్‌లో ఇంగ్లీషు పక్కన రొమేనియన్ పెట్టుకుని చదవొచ్చు. ముఖ్యంగా 2012 నాటి 13వ నంబరు డైరెక్టివ్, అంటే అరెస్టయినవాళ్ళకు హక్కులు తెలియజేయడం గురించినది, రెండు భాషల్లోనూ వాక్యం వాక్యం చదువు. నిఘంటువులో దొరకని పొందికలు అందులో దొరుకుతాయి.

రెండు దేశాల చట్టం కలవని చోట అసలు పాఠంలో నీ వివరణ కలపొద్దు. కింద అనువాదకుడి గమనిక పెట్టు, రెండు వాక్యాలకు మించకుండా. ఏది నీ మాటో ఏది కోర్టు మాటో లాయరుకు స్పష్టంగా తెలియాలి. ముందు డేవిస్ ఫుట్‌నోట్ మార్చి, ఆ తర్వాత 'ఇన్వొకా' ఉన్న చోట్లన్నీ ఒక్కొక్కటిగా చూసి మళ్ళీ పంపు. ప్రతిచోటా ఆ మనిషి వాదించాడా, అడిగాడా, ఊరుకున్నాడా అన్నది అంచున పెన్సిల్‌తో రాసి ఉంచు, నేను చూస్తాను.

ఉంటాను.