తమ్ముడి పేరు పక్కన ఆ ఒక్క మాట

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, తమ్ముడికి 31. మా పూర్వీకులు ఎక్కడెక్కడి వాళ్లో తెలుసుకోవాలన్న కుతూహలంతో, ఇంట్లోనే చేసుకునే డీఎన్ఏ పరీక్ష కిట్లు రెండు తెప్పించాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుని గొట్టాల్లోకి ఉమ్మాం. గీత దాకా నిండిందని తమ్ముడు చూపిస్తే, నురగ లెక్కలోకి రాదని మళ్లీ ఉమ్మించాను. ఆ పూట ఎంత నవ్వుకున్నామో! అమ్మనూ ఇమ్మంటే ‘నాకెందుకవన్నీ’ అని లోపలికి వెళ్లిపోయింది. తీరా ఫలితాలు వస్తే తమ్ముడి పేరు పక్కన ‘సొంత తోబుట్టువు’ అని లేదు. తల్లిదండ్రుల్లో ఒకరే ఉమ్మడి అని ఉంది. 1,742 సెంటీమోర్గన్లట. పూర్వీకుల శాతాలు కూడా ఇద్దరికీ ఒకేలా లేవు. నాన్న మూడేళ్ల క్రితం గుండెపోటుతో పోయారు. తమ్ముడు నాన్న కొడుకు కాడని తెలిసినప్పటి నుంచి, అంటే రెండు నెలలుగా, నిద్ర లేదు. నా తరువాత ఏడేళ్లకు పుట్టాడు వాడు. ఆ రోజుల్లో అమ్మ తరచూ ఆస్పత్రికి వెళ్లడం లీలగా గుర్తుంది. ఇప్పుడు అమ్మ ముఖం చూడలేకపోతున్నాను. వాడు శాతాలు చూసి వదిలేశాడు, ఈ మాట వాడి కంట పడలేదు. ఖాతాలు రెండూ నేనే తెరిచాను కాబట్టి వాడి పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. నాన్న తమ్ముడు, మా బాబాయి ఉన్నారు. ఆరోగ్య పరీక్ష అని చెప్పి ఆయన ఉమ్మి తీసుకుంటే అంతా తేలిపోతుందని మూడో కిట్ తెప్పించి బీరువాలో పెట్టాను. మావారేమో ‘రేపు ఆస్తి పంపకాల్లో పనికొస్తుంది’ అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ‘తమ్ముడు నాన్న కొడుకు కాడని తెలిసినప్పటి నుంచి’ అన్నచోట కింద గీత గీశాను. అమ్మా, అది మీకు తెలియలేదు. మీరు అనుకున్నారు.

ఆ అంకె చెప్పగలిగింది ఎంతో చూడండి. ఇద్దరి డీఎన్ఏలో కలిసిన ముక్కల పొడవుల మొత్తాన్ని సెంటీమోర్గన్లలో లెక్కవేస్తారు. ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టినవాళ్లలో ఇది సగటున 2,600 దాకా ఉంటుంది. ఒకరే ఉమ్మడి అయితే 1,750 దరిదాపుల్లో ఉంటుంది. మీది అక్కడే ఉంది. గొట్టాలు తారుమారయ్యాయేమో అన్న ఆశ పెట్టుకోకండి. బయటివాళ్ల గొట్టంతో తారుమారైతే మీ ఇద్దరి మధ్య అసలు చుట్టరికమే కనిపించేది కాదు. కాబట్టి ఫలితాన్ని నమ్మవచ్చు. దాని మీద మీరు కట్టుకున్న కథను మాత్రం నమ్మడానికి లేదు.

ఎందుకంటే ఇద్దరిలో నాన్నకు పుట్టనిది ఎవరో ఆ అంకె చెప్పదు. అది మీరే కావచ్చు.

ఈ వాక్యం చదివి మీరు కాసేపు ఆగి ఉంటారు. ఇప్పుడు మీకు కలిగిన ఆ గాభరానే, మీరు నోరు విప్పగానే తమ్ముడికి కలుగుతుంది. రెండు నెలలుగా వాడిని జాలిగా చూస్తున్న మీరు, ఆ జాలి మీకే తిరిగి రావచ్చన్న సంగతి తలచుకోలేదు. తప్పు పట్టడం లేదు. పెద్దవాళ్లం మనమే అసలువాళ్లమనుకోవడం సహజం.

ఇంకో సంగతి. ఉమ్మడిగా ఉన్నది అమ్మే అని కూడా అంకె చెప్పలేదు. నాన్న ఒకరే, అమ్మలు వేరు అయినా ఇదే అంకె వస్తుంది. అంతెందుకు, మేనమామకూ మేనకోడలికీ మధ్య కూడా దాదాపు ఇంతే ఉంటుంది. అయినా ‘ఒకరే ఉమ్మడి’ అనగానే మన అనుమానం తిన్నగా అమ్మ మీదకే వెళ్తుంది, నాన్న జోలికి పోదు. అది డీఎన్ఏ నేర్పిన అలవాటు కాదు.

మీ ఉత్తరంలో నేను రెండోసారి ఆగింది ఆస్పత్రి దగ్గర. ఏడేళ్ల ఎడం, అమ్మ ఆస్పత్రుల చుట్టూ తిరగడం. దాత వీర్యంతో గర్భం వచ్చేలా చేయడం పాతకాలం నుంచీ ఉంది. 1978లో మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టాక కొద్ది ఏళ్లకే, 1984 నాటికి, వేరే స్త్రీ ఇచ్చిన అండంతో బిడ్డను కనడం కూడా సాధ్యమైంది. దాత అండమైతే మీ ఇద్దరికీ ఉమ్మడి నాన్నే. అప్పట్లో ఇలాంటి చికిత్స చేసిన వైద్యులే చాలామంది ‘ఎవరికీ చెప్పకండి, బిడ్డకు కూడా’ అని పంపేవారు. ఆ మాట పట్టుకుని ముప్ఫై ఏళ్లు నోరు కట్టుకున్న తల్లులున్నారు. మీ ఇంట్లో జరిగింది ఇదేనని అనడం లేదు. మీకు తోచిన ఒకే ఒక్క కథ పక్కన ఇవి కూడా నిలబడతాయని చెబుతున్నాను. అమ్మ ఉమ్మి ఇవ్వనన్నది కూడా సాక్ష్యం కాదు. గొట్టంలోకి ఉమ్మమంటే విసుక్కునే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు.

అసలు అమ్మకే తెలియకపోవచ్చు. అమెరికాలోని ఇండియానాలో డొనాల్డ్ క్లైన్ అనే సంతాన వైద్యుడు చికిత్సలో తన వీర్యాన్నే వాడేవాడని బయటపడింది మీరు చేయించుకున్నలాంటి పరీక్షల వల్లే. ఆ తల్లులకు అప్పటిదాకా తెలియదు. అందుకే అమ్మ దగ్గరకు విచారణాధికారిలా వెళ్లవద్దంటున్నాను.

శాతాల సంగతి ఒక్క ముక్కలో: అవి కలవకపోవడం దీనికి రుజువు కాదు. ఒకే గింజల కుప్ప నుంచి ఇద్దరు చెరో దోసెడు తీసుకుంటే ఒకే గింజలు రావు కదా. సొంత తోబుట్టువులకూ అంతే. పైగా ఆ శాతాలు ఇప్పుడు బతికి ఉన్నవాళ్ల నమూనాలతో పోల్చి వేసే అంచనాలు. కంపెనీ నమూనాలు పెంచుకున్నప్పుడల్లా మారుతుంటాయి.

ఇక బీరువాలో ఉన్న మూడో కిట్. బాబాయికి అబద్ధం చెప్పి ఉమ్మి తీసుకోవడానికి నేను ఒప్పుకోను. సాంకేతికంగా మీరన్నది నిజమే. మీరు ఆయన అన్నగారి కూతురైతే మీ ఇద్దరి డీఎన్ఏ నాలుగో వంతు కలవాలి. కానీ ఆ గొట్టంలోకి వెళ్లేది ఆయన ఒక్కడి సమాచారం కాదు, ఆయన పిల్లలది, మనవలది కూడా. 2018లో కాలిఫోర్నియా పోలీసులు దశాబ్దాల నాటి వరుస హత్యల నిందితుణ్ని పట్టుకున్నది ఇలాగే. అతను ఏ వెబ్‌సైటుకూ తన డీఎన్ఏ ఇవ్వలేదు, దూరపు చుట్టాలు ఇచ్చారు. 23అండ్‌మీ అనే పెద్ద కంపెనీ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి పోయాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తమ వివరాలు రేపు ఎవరి పాలవుతాయోనని జనం ఖాతాలు చెరుపుకోవడానికి పరుగులు పెట్టారు. తెలిసి ఇచ్చినవాళ్ల గతే అది. తెలియకుండా ఇచ్చినాయనకు రేపు మీరేమని చెబుతారు? ఆ పెట్టె తెరవకుండా ఉంటే వెనక్కి పంపేయండి.

తమ్ముడి ఖాతా కూడా తెరవకండి. మీరిప్పటిదాకా చూసింది మీ పేజీలోది, అతని పేజీ అతనిది. కొన్ని కంపెనీల నివేదికలో తల్లి వైపు వంశ గుర్తు ఉంటుంది. అది మన కణాల్లోని మైటోకాండ్రియా అనే భాగంలో ఉండే డీఎన్ఏది. ఆ భాగం తల్లి నుంచే పిల్లలందరికీ వస్తుంది కాబట్టి, ఇద్దరి గుర్తులూ వేరైతే తల్లులు వేరన్నమాట. ఒకటే అయితే మాత్రం అంత గట్టిగా చెప్పలేం, ఆ గుర్తు లక్షల మందికి ఉంటుంది. ఇది చదవగానే మీ చేయి పాస్‌వర్డ్ వైపు వెళ్తుందని తెలుసు. ఆగండి. చూస్తే ఇద్దరూ కలిసి చూడండి.

మీవారి మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఇంట్లో చేసుకున్న పరీక్షలో ఎవరి ఉమ్మి ఎవరి గొట్టంలో పడిందో చూసిన సాక్షి ఉండరు కాబట్టి, న్యాయస్థానంలో దాన్ని రుజువుగా నిలబెట్టడం కష్టం. అంతకన్నా ముందు, తమ్ముడికి ఇంకా తెలియని విషయాన్ని మీ ఇంట్లో అప్పుడే ఆస్తి లెక్కల్లో వేస్తున్నారంటే నాకు ఒళ్లు మండింది. ఆ మాట మళ్లీ ఎత్తవద్దని చెప్పండి. తమ్ముడి దాకా వెళ్తే, పరీక్ష ఫలితాన్ని క్షమించినవాడు దాన్ని క్షమించడు.

అమ్మతో ముందు మాట్లాడండి. ఒంటరిగా ఉన్నప్పుడు, ఫోను చూపించకుండా. ‘అమ్మా, నాకూ తమ్ముడికీ తల్లిదండ్రుల్లో ఒకరే ఉమ్మడి అని పరీక్షలో వచ్చింది. నాకు భయంగా ఉంది. నీకు తెలిసింది, చెప్పాలనిపించినంత, చెబుతావా?’ అనండి. ‘నాకు కోపం లేదు’ అని మాత్రం అనకండి, మీకు కోపం ఉంది. అన్నాక ఊరుకోండి. అమ్మ లేచి వెళ్లిపోవచ్చు, అరవవచ్చు, అసలు అర్థం కానట్టు చూడవచ్చు. ఆ రోజుకు వదిలేసి, నాలుగు రోజుల తరువాత పక్కన కూర్చోండి. తమ్ముడికి చెప్పనని మాట ఇవ్వమంటే ఇవ్వకండి. ‘నువ్వు చెబితే బాగుంటుంది, నేను పక్కన ఉంటాను, కానీ వాడికి తెలియకుండా దాచలేను’ అని మొదటే చెప్పండి.

తొందర ఎందుకంటే, ఈ రహస్యానికి తాళం మీ చేతిలో లేదు. నిజంగా దాత ఉంటే, ఆ దాతకు పుట్టిన ఇంకొకరు ఏదో ఒకరోజు తమ ఉమ్మి పంపుతారు. ఆ సాయంత్రం తమ్ముడి ఫోనుకు ‘మీకు కొత్త దగ్గరి బంధువు దొరికారు’ అని కబురు వస్తుంది, అదే మీకు వస్తే మీకు. అలా తెలియడం కన్నా అమ్మ నోట వినడం మేలు కదా. అమ్మ మూడు వారాలకూ నోరు విప్పకపోతే మీరే వాడికి చెప్పండి, అదీ మీ పేజీలో ఉన్నంతవరకే. ‘మనిద్దరిలో ఎవరో తెలియదు’ అన్నది మొదటి వాక్యం కావాలి.

నాన్న గుండె జబ్బు గురించి ఇద్దరూ మీ మీ వైద్యులకు చెప్పి ఉంటే అది అలాగే ఉండనివ్వండి. సంగతి తేలేదాకా ఏ మందూ మానకండి.

సహోదరుడు అంటే ఒకే ఉదరం నుంచి వచ్చినవాడని అర్థం. సవతి తమ్ముడంటే నాన్న ఒకరే, అమ్మలు వేరు. మీ తమ్ముడు ఈ రెంటిలో ఏదో ఇప్పటికి మనకు తెలియదు. మాట్లాడేటప్పుడు ‘తమ్ముడూ’ అనే పిలవండి.

వాడు మొదట అడిగేది నాన్న గురించి కాకపోవచ్చు. ‘నీకు ఎన్నాళ్ల నుంచి తెలుసు?’ అని అడగవచ్చు. నిజమే చెప్పండి. ఇప్పటికి రెండు నెలలు. మూడో నెల నిండనివ్వకండి.